లాటు నంబరు పెట్టె మీదే ఉంటుంది

మా షూటింగ్ క్లబ్బుకి పాతికేళ్ళు నిండాయని ఒక పుస్తకం వేస్తున్నారు. ఈ ఏడాది ఛాంపియన్ జీవిత విశేషాలు రాసిపెట్టమని కార్యదర్శి నన్నడిగాడు. ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు నన్నే! "మీ ఇంటి మనిషే కదండీ, మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నాడు పళ్ళన్నీ బయటపెట్టి. ఛాంపియన్ అంటే మా తమ్ముడి భార్య, నా మరదలు. క్లబ్బు గోడకి వేలాడే చెక్క బోర్డు మీద పదకొండేళ్ళ పాటు వరసగా నా పేరే ఉంది. పన్నెండో వరసలో ఆమె పేరు ఎక్కింది. రెండు పేజీలు చాలన్నాడు. నేను మొదలుపెడితే రెండు పేజీలతో ఆగే మనిషిని కాను. చదివాక అచ్చు వేసుకుంటాడో, చింపి బుట్టలో వేస్తాడో అతని ఇష్టం.

మరదలిది చొక్కాల ఫ్యాక్టరీలో పని. పదమూడేళ్ళు కాజాల మిషను మీద కూర్చుంది. మిషను గుండీ పట్టేంత మేర చుట్టూ దారం కుట్టేస్తుంది, ఆ వెంటనే చిన్న కత్తి టక్కున దిగి మధ్యలో చీలుస్తుంది. గుడ్డ వెంట్రుకవాసి జరిగిందా, ఇక ఆ చొక్కా పనికిరాదు. రోజుకి కొన్ని వందల చొక్కాలు ఆమె చేతుల మీదుగా పోతే, పాడైనవి నెలకి ఒకటో రెండో. ఫ్యాక్టరీలోనూ వీధిలోనూ అందరూ 'కాజాలమ్మాయి' అని పిలుస్తారు. ముప్ఫై అయిదేళ్ళొచ్చినా ఇంకా అమ్మాయే! నన్ను మాత్రం పాతికేళ్ళు నిండకుండానే 'కళ్ళజోళ్ళ పెద్దమ్మ'ని చేసి కూర్చోబెట్టారు.

ఆమె తక్కువ మాట్లాడుతుంది. నవ్వినా చప్పుడు రాదు. బట్టల మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు దారం ముక్క అంటుకుని ఉంటుంది, దులుపుకోదు. ఎదుటివాళ్ళు అరుస్తుంటే అరుపు పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు తనకి కావలసింది మెల్లగా అడుగుతుంది. ఇలాంటివాళ్ళతో పోట్లాడి గెలవడం కష్టం. అందుకే వాళ్ళ పెళ్ళినాటి నుంచే నాకు ఆమెతో పడలేదు.

ఇక నా సంగతి. కళ్ళజోళ్ళ దుకాణంలో తెర వెనక కూర్చుని కళ్ళు పరీక్ష చేస్తాను. ఇరవై ఏళ్ళయింది. ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ, "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడగడం నా పని. లేని పవర్ ఉందని ఏనాడూ చెప్పలేదు. అమ్మకాలు తగ్గాయని ఓనరు మొహం మాడ్చుకున్నా, బాగున్న కళ్ళని బాగున్నాయనే చెప్పి పంపేదాన్ని. క్లబ్బులో స్టోరు తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. సభ్యులు తూటాలు ఇంటికి పట్టుకెళ్ళడానికి మా క్లబ్బులో ఒప్పుకోరు. ఎవరి అర వాళ్ళది, కానీ తాళం వేసేదీ తీసేదీ నేను.

మా తమ్ముడు రైఫిళ్ళ దుకాణంలో కౌంటరు దగ్గర పని చేస్తాడు. వాడి వెనక గోడకి మూడు అరలు. కింది అరలోవి నెల జీతానికి వస్తాయి. మధ్య అరలోవి మూడు నెలల జీతానికి. పై అరలోవాటికి ఏడాది జీతం పొయ్యాలి. అన్నీ పాయింట్ టూ టూ బోల్ట్ రైఫిళ్ళే. ఒక్కో తూటాకి ఒకసారి బోల్టు వెనక్కి లాగి ముందుకి తొయ్యాలి. కొనడానికి ఎవరొచ్చినా వాడు ఒకటే పాఠం చెబుతాడు. "కింది అరకీ మధ్య అరకీ తేడా కాగితం మీద కనిపిస్తుందండీ. గొట్టం బరువుగా ఉంటుంది, ట్రిగ్గర్ మనకి కావలసినట్టు తిప్పుకోవచ్చు. మధ్య అరకీ పై అరకీ తేడా మాత్రం వందలో ఒకరికి కనిపిస్తుంది. ఉన్న డబ్బంతా రైఫిల్ మీదే పొయ్యకండి. తూటాలకి కొంత ఉంచుకోండి." వాడి పాఠం విని చాలామంది మధ్య అరలోది పట్టుకెళ్తారు. నేనూ తొమ్మిదేళ్ళు మధ్య అరలోదానితోనే గెలిచాను.

తర్వాత నా గురి సడలింది. ఒక పెద్ద పోటీలో కాదు, అక్కడొక పాయింటు, ఇక్కడొక పాయింటు. గొట్టం అరిగిపోయి ఉంటుందనుకున్నాను. దాచుకున్నదంతా తీసి పై అరలోది కొన్నాను. తమ్ముడు నీళ్ళు నమిలాడు. "అక్కా, పాతదానికేం? బల్ల మీద ఇసుక సంచులు వేసి పేలిస్తే అయిదూ ఒకే చోట పడుతున్నాయిగా" అన్నాడు. "వందలో ఒకరికి తేడా తెలుస్తుందన్నావుగా, ఆ ఒకరూ నేనే, బిల్లు రాయి" అని నోరు మూయించాను. కొత్త రైఫిల్‌తో రెండేళ్ళు నెట్టుకొచ్చాను. గెలిచాను గానీ, ప్రతిసారీ గుండె గుప్పిట్లో పెట్టుకునే.

సరిగ్గా అప్పుడు దిగింది మహాతల్లి. ఫ్యాక్టరీకి శనివారాలు సెలవు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక తమ్ముడి వెంట క్లబ్బుకి వచ్చింది. నాలుగు వారాలు క్లబ్బు రైఫిల్‌తో నేర్చుకుంది. అయిదో వారం తనకంటూ ఒకటి కొనుక్కుంటానంది. దుకాణానికి నన్నూ రమ్మన్నారు. పెద్దదాన్ని కదా, సలహాకి.

"మధ్య అరలోది తీసుకో. వాయిదాల్లో కట్టుకుందువు గాని" అన్నాను.

"నా దగ్గర నెలన్నర జీతం ఉంది వదినగారూ. నెల జీతం రైఫిల్‌కి, సగం జీతం తూటాలకి" అంది.

తమ్ముడు కింది అరలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోకుండా, "ఇలాంటివి ఎన్నున్నాయి?" అనడిగింది.

"మూడున్నాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్. మూడూ ఒకటే."

"ఒకటే అయితే మూడూ పేల్చి చూస్తే తప్పేముంది?"

నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను. ఆమె ఏమీ అనుకోలేదు. "మా దగ్గర సూదులన్నిటికీ ఒకటే నంబరు వదినగారూ. అయినా ఒక సూదికి ఒక దారం పడుతుంది. పక్క సూదికి అదే దారం ఎక్కిస్తే పుటుక్కున తెగుతుంది. ఎందుకో మెకానిక్ కూడా చెప్పలేడు. వేసి చూసుకోవడమే" అంది.

దుకాణం వెనక యాభై మీటర్ల సందు ఉంది, కాల్చి చూసుకోవడానికి. అక్కడ బల్ల మీద ఇసుక సంచులు పరిచి, మూడు రైఫిళ్ళు, అయిదు రకాల తూటాలు పెట్టుకుని కూర్చుంది. ఒక్కో రైఫిల్‌తో ఒక్కో రకం అయిదేసి. మొత్తం పదిహేను గురి కాగితాలు. వాటిని తాడుకి క్లిప్పులతో వేలాడదీసి, బట్టల మీద గీతలు గీసే సుద్దముక్కతో కింద గుర్తులు వేసుకుంది. ట్రిగ్గర్ బిగువుగా ఉందంటే తమ్ముడు కొంచెం వదులు చేశాడు. గొట్టాన్ని చెక్కకి పట్టి ఉంచే రెండు మరలూ సమానంగా బిగించారా అని అడిగి మరీ బిగించుకుంది. సాయంత్రానికి మూడో రైఫిలూ, ఆకుపచ్చ పెట్టెలో వచ్చే చవక రకం తూటాలూ జత కుదిరాయి. అయిదు గుళ్ళూ కలిసి ఒకటే చిల్లు. చొక్కా గుండీ పెడితే మూసుకుపోయింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ తూటాకి వెనక అంచులోనే మందు ఉంటుంది. రైఫిల్లోని సూది ఆ అంచు మీద కొడితే పేలుతుంది. పేలాక మళ్ళీ ఇంట్లో నింపుకోవడానికి వీల్లేదు. కంపెనీవాడు ఏది పంపితే అదే. ఒక్కసారి తయారైన సరుకంతా ఒక లాటు. పేరు అదే, పెట్టె అదే, ధర అదే, అయినా లాటు మారితే గుళ్ళు పడే తీరు మారిపోతుంది. మరదలు ఆ పెట్టె తిప్పి, మూత మీద అచ్చు వేసిన లాటు నంబరు చూసి, సగం జీతానికి ఆ నంబరువే ఏరి కొనుక్కుంది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. పదకొండేళ్ళుగా ఇంకొకళ్ళకి చెబుతున్నవే. కానీ నేను నా పై అర రైఫిల్‌కి ఏనాడూ లాటు చూసి కొనలేదు. అంత డబ్బు పోసి కొన్నాక మళ్ళీ వెతుక్కోవడమేమిటని నా పొగరు.

మొదటి ఆరు నెలలు ఆమె మామూలుగానే పేల్చింది. తర్వాత మొదలయ్యాయి నా పాట్లు. ఒక శనివారం నాతో సమానంగా వచ్చింది. పై శనివారం రెండు పాయింట్లు ఎక్కువ. ఆ తర్వాత ఆరు వారాలు వరసగా ఆమే ముందు. జనం ఆమె కాగితం చుట్టూ మూగేవాళ్ళు. ఎవడో పెద్దమనిషి, నేను వింటున్నానని తెలిసే, "కింది అర రైఫిల్ ఇలా కొడుతుంటే పై అరవాళ్ళు ఏం చేస్తున్నట్టో" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి అన్నం సయించలేదు. కళ్ళు మూసుకుంటే బోర్డు మీద పన్నెండో వరస కనిపించేది. నా జీవితంలో అదొక్కటే నాది అని చెప్పుకోదగ్గది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఆ బోర్డు ఉంది. ఆమెకి మొగుడున్నాడు, మిషనుంది, వీధిలో మంచిపేరుంది. ఇదీ కావాల్సొచ్చిందా?

కుళ్ళు అనండి, ఓర్వలేనితనం అనండి, ఆడపడుచు బుద్ధి అనండి. నేను పేరు మార్చి చెప్పను.

ఏడాది పోటీకి ఏడు వారాలుంది. మంగళవారాలు క్లబ్బుకి సెలవు. ఆ మధ్యాహ్నం లెక్క చూసుకునే నెపంతో స్టోరు తెరిచాను. మరదలి అరలో ఇరవై ఆకుపచ్చ పెట్టెలున్నాయి. పక్కనే క్లబ్బు అరలో కొత్తవాళ్ళకి నేర్పడానికి వాడే పెట్టెలు. అదే కంపెనీ, అదే రకం, లాటు వేరు. ఆ లాటు ఆమె రైఫిల్‌లో ఎలా పడుతుందో నాకు తెలుసు. దుకాణం సందులో ఆమె ఆకుపచ్చ పెట్టెలవే రెండు లాట్లు పేల్చి చూసింది, ఆ పదిహేను కాగితాల్లో అదీ ఒకటి. గుండీ కాదు కదా, గిన్నె మూత పెట్టినా మూసుకోనంత వెడల్పు.

లాటు నంబరు పెట్టె మూత మీదే ఉంటుంది. తూటా మీద ఉండదు. పక్కపక్కన పెడితే తయారుచేసినవాడు కూడా ఆనవాలు పట్టలేడు. ఆమె పెట్టెల్లోని తూటాలు క్లబ్బు పెట్టెల్లోకి, క్లబ్బువి ఆమె పెట్టెల్లోకి మార్చాను. పన్నెండింటికి మొదలుపెడితే మూడున్నర అయింది. పెట్టెకి యాభై చొప్పున వెయ్యి తూటాలు అటు, వెయ్యి ఇటు. గుళ్ళకి పూసే మైనం జిడ్డు వేళ్ళకి అంటుకుంది. చేతులు కడుక్కుని, తాళం వేసి, దారిలో టీ కూడా తాగాను. ఆ టీ ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

మార్చినవాటిలో ఒక పెట్టె నా రైఫిల్లోనూ వేసి చూశాను. ఆమె లాటు నాకూ పనికొస్తుందేమోనని ఆశ. ఏడాది జీతం రైఫిల్ ఆ తూటాల్ని గింజలు చల్లినట్టు చల్లింది. అదీ నా ప్రాప్తం.

ఆ శనివారం మరదలు కాగితం చూసి కదలకుండా నిలబడింది. గుళ్ళు అయిదు వైపులా పడ్డాయి. మరలు చూసుకుంది. గొట్టంలో గుడ్డ పెట్టి తుడిచింది. పెట్టె తిప్పి లాటు నంబరు చూసుకుంది. నంబరు అదే. రైఫిల్ అదే. తూటా అదే. తమ్ముడు, "ఒక్కోరోజు అంతేలే" అన్నాడు. నేను కూడా, "ఒంట్లో బాగాలేదేమో, సరిగ్గా తింటున్నావా?" అన్నాను. ఎంత ప్రేమో! రెండో వారం అంతే. మూడో వారం అంతకన్నా అన్యాయం. నా పేరు మళ్ళీ పైకెక్కింది. ఆ పెద్దమనిషి నా దగ్గరకొచ్చి మరీ మెచ్చుకున్నాడు.

నాలుగో వారం ఒకరోజు పొద్దున్నే ఆమె కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చింది. కౌంటరు దగ్గర నిలబడి, "వదినగారూ, నా కళ్ళు ఒకసారి చూస్తారా?" అంది. మా క్లబ్బు పోటీలో దుర్బిణి పెట్టకూడదు. రైఫిల్ వెనక వైపు చిన్న చిల్లులోంచి, ముందున్న ఉంగరంలోకి టార్గెట్‌ని తెచ్చుకోవాలి. అంతా కంటి మీదే ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉండి గురి తప్పుతోందంటే లోపం తన కళ్ళలోనే ఉందని ఆమె లెక్క తేల్చుకుంది. ఎలా తేల్చుకోదు? మిగతావన్నీ పరీక్ష చేసేసింది పాపం.

తెర వెనక కూర్చోబెట్టి ఎడమకన్ను మూశాను. గోడ మీది అక్షరాల బోర్డు చివరి వరసదాకా గడగడా చదివేసింది. ఆ వరస కింద బోర్డు తయారుచేసినవాళ్ళ చిరునామా చీమతలలంత అక్షరాల్లో ఉంటుంది, అదీ చదివింది. ఇరవై ఏళ్ళలో అంత మంచి కళ్ళు నేను పది జతలు చూసి ఉండను. నా చేతిలో ఖాళీ ఫ్రేము ఉంది. 'కళ్ళు భేషుగ్గా ఉన్నాయమ్మా' అంటే అయిపోయేది. అనుంటే ఆమె మళ్ళీ తూటాల మీద పడేది. ఒక పెట్టెడు పట్టుకుని తమ్ముడి సందులో పేల్చి చూసేది.

"కుడికంటికి అర పవర్ వచ్చింది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత మామూలుగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యమేసింది.

"తగ్గుతుందా?"

"పెరుగుతుంది గానీ తగ్గడమేమిటి?"

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది. "నా పనంతా కళ్ళతోనే వదినగారూ" అంది. నేను వినబడనట్టు ఫ్రేములు తీసి ముందు పెట్టాను. అన్నిటికన్నా చవకది ఎంచుకుంది. ఇంటి మనిషని బిల్లు తగ్గించి వేశాను. ఆ ఘనత కూడా రాసుకోండి.

తర్వాత మూడు వారాలు ఆమె క్లబ్బుకి రాలేదు. నేను సుఖంగా ఉన్నానని చెబితే అబద్ధం, బాధపడ్డానని చెప్పినా అబద్ధమే. ఖాళీగా ఉన్న ఆమె బల్ల వైపు చూసి, పోటీకి రాకపోతే గెలిచినా ఏం మజా అని కూడా అనుకున్నాను. చూశారా, ఆశకి అంతు లేదు.

పోటీ ఆదివారం. దానికి ముందు బుధవారం ఆమె దుకాణానికి వచ్చింది. కళ్ళజోడు ముక్కు మీద లేదు, చేతిలో ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"పెట్టుకుంటే తల పగిలిపోతోంది వదినగారూ. మొదట్లో అలాగే ఉంటుందన్నారు. మూడు వారాలైంది."

"మిషను దగ్గర పెట్టుకోకుండా చూడు" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మిషను ఎక్కడుంది? సోమవారం నుంచి ప్యాకింగులో వేశారు. నేనే అడిగాను. కళ్ళు తగ్గుతున్నాయని తెలిసీ ఆ కత్తి కింద వేళ్ళు ఎలా పెట్టను? నా మిషను కొత్తమ్మాయికి ఇచ్చారు." కళ్ళజోడు మడిచి, "జీతం కూడా తక్కువే. అది సరేలెండి. చొక్కాలు మడతపెడుతుంటే కాజాలు కనబడుతున్నాయి. కొత్తమ్మాయివి వంకరగా వస్తున్నాయి" అంది.

పోటీలో ఓడించాలనుకున్నాను. ఆ బోర్డు దాకానే నా ఆలోచన. ఆమె పదమూడేళ్ళ కుర్చీలోంచి తనంతట తానే లేచి వచ్చేస్తుందని నాకు తట్టలేదు. తట్టి ఉంటే చేసేదాన్ని కాదని కూడా ఒట్టేసి చెప్పలేను.

"నీ కళ్ళకేమీ కాలేదు" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పేశాను. మంగళవారం, ఇరవై పెట్టెలు, వెయ్యి తూటాలు, అర పవర్. అద్దాలు తుడుస్తున్న ఓనరు చెయ్యి ఆగిపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి, నా మీద నమ్మకంతో ఇరవై ఏళ్ళుగా తెర వెనక్కి తొంగి కూడా చూడనివాడు. అంతా విన్నాడు.

మరదలు ఏడుస్తుందనుకున్నాను. చెంప పగలగొట్టినా బాగుండేది. నేను చెప్పేదంతా పూర్తయ్యేదాకా ఆగింది. ఆగి, మెల్లగా అడిగింది.

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నది అబద్ధమా? నేనెలా తెలుసుకోను?"

నా మాటకి ఇక విలువేముంది? ఆమె ఓనరు వైపు తిరిగింది.

"బాబాయిగారూ, మీరొక కాగితం మీద అక్షరాలు రాసిపెట్టండి. కిందికి పోయేకొద్దీ చిన్నవి. అవేంటో ఈవిడకి తెలియకూడదు, నాకూ తెలియకూడదు."

ముసలాయన లోపలికెళ్ళి, పది నిమిషాలు కూర్చుని రాసుకొచ్చాడు. చేతి వణుకు వల్ల గీతలు కొంచెం వంకర. కింది వరస మందుసీసా మీద రాతంత ఉంది. నా అక్షరాల బోర్డు మీదే దాన్ని అంటించాడు. మరదలు కుర్చీలో కూర్చుని ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చదివింది. ముసలాయన తన దగ్గరున్న నకలులో చూసుకుంటూ తలాడించాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

ఆమె ఊపిరి వదిలింది. అయినా లేవలేదు. "ఇప్పుడు మీరు చదవండి వదినగారూ" అంది.

"నేనెందుకు?"

"ఆయన చేతిరాత కదా, ఎంత దూరం చదివితే బాగున్నట్టో నాకెలా తెలుస్తుంది? మీకు ఎంతవరకు కనబడుతుందో నాకూ అంతవరకు కనబడితే చాలు. నమ్ముతాను."

ఇంత చేశాక కూడా చూపుకి కొలత నేనేనట ఆమెకి. వెళ్ళి కూర్చున్నాను. ఎడమకన్ను మూసుకున్నాను. మొదటి వరస చదివాను. రెండో వరస చదివాను. మూడో వరస దగ్గర ఆగిపోయాను. కన్ను నులుముకున్నాను. దీపం సరిగ్గా లేదన్నాను. ముసలాయన దీపం సరిచేశాడు. మూడో వరస అలుక్కుపోయినట్టుంది. ఊహించి రెండక్షరాలు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నీ కళ్ళు పరీక్ష చేసుకుని ఎన్నాళ్ళయిందమ్మా?"

"రోజూ పొద్దున్నే బోర్డు మొత్తం చదువుతాను కదా" అన్నాను. అంటుంటేనే అర్థమైపోయింది. ఆ బోర్డు నాకు ఇరవై ఏళ్ళుగా కంఠతా వచ్చు. చదివేది నా నోరు, కన్ను కాదు. రోజుకి పాతిక మందికి చూపు చూసే మనిషిని, నా చూపు పోతున్న సంగతి నాకు తెలియలేదు. అక్కడొక పాయింటు, ఇక్కడొక పాయింటు పోయింది అందుకు. గొట్టం అరిగిందని పాతదాన్ని మూలపడేసింది అందుకు. ఏడాది జీతం పోసి పై అరలోది కొన్నదీ అందుకే. ఒక జత అద్దాలతో పోయేదానికి!

ఇక నవ్వుతుందనుకున్నాను. నేనైతే నవ్వేదాన్ని. ఆమె లేచి, కళ్ళజోడు నా బల్ల మీద పెట్టింది.

"ఇది నాకొద్దు. నా తూటాలు నా పెట్టెల్లో పెట్టేయండి. మీరు చేసింది మీ తమ్ముడికి ఇవాళే చెప్తాను. మనసులో పెట్టుకుని మీతో మామూలుగా ఉండటం నా వల్ల కాదు." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఆదివారంలోపు మీ కంటికి అద్దం వేయించుకోండి. చూపు లేని మనిషిని గెలిచానని బోర్డు మీద నా పేరు రాయించుకోలేను."

అప్పుడైనా సిగ్గుతో చచ్చిపోవాలి కదా. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం అదే పాత మంట. అలాంటి మాట నా నోట ఎందుకు రాదు, ఆమె నోటికే ఎందుకొస్తుంది?

ముసలాయన నా కళ్ళు తనే చూసి అద్దం వేశాడు. గురువారం తమ్ముడి ఎదురుగా, వాడగా మిగిలిన తూటాలన్నీ తిరిగి మార్చాను. వాడు పెట్టెలు అందిస్తూ కూర్చున్నాడు. ఆదివారం అద్దంతో బల్ల మీద బోర్లా పడుకుని చిల్లులోంచి చూస్తే, టార్గెట్ మీది గీతలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. కొన్న ఇన్నాళ్ళకి నా రైఫిల్ నేను అనుకున్న చోట కొట్టింది. ఎన్నడూ లేనంత బాగా పేల్చాను. ఆమె నాలుగు పాయింట్ల తేడాతో గెలిచింది. కంటి మీద నెట్టడానికీ లేదు, రైఫిల్ మీద నెట్టడానికీ లేదు.

సోమవారం ఆమె ఎప్పటిలా ఫ్యాక్టరీకి వెళ్ళింది. కళ్ళు బాగున్నాయని ముసలాయన రాసిచ్చిన కాగితం సూపర్‌వైజరు తిప్పి తిప్పి చూసి, మిషను ఖాళీ అయినప్పుడు చూద్దామన్నాడట. నేను వెళ్ళి జరిగింది చెప్పి బతిమాలాను. నా మొహం కేసి ఒకసారి చూసి, అదే మాటన్నాడు. ఇది రాస్తున్న రోజుకి అయిదు నెలలైంది. ఈ ఏడాది ఛాంపియన్ ఇంకా ప్యాకింగులో చొక్కాలు మడతపెడుతోంది. ఆ ఉద్యోగం ఆమెకి ఇప్పించింది నేనే.